కాంటా ఎక్కని పిల్ల

నా భార్య హెప్సిబాకు కూర్చోవడం రాదు. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లయింది, ఒక్క పూట కుదురుగా కూర్చుని అన్నం తిన్నట్టు నాకు గుర్తు లేదు. ముద్ద నోట్లో, కాలు గడప మీద. కాలుగాలిన పిల్లి అని మా అమ్మ పేరు పెట్టింది. అమ్మ పోయింది, పేరు మిగిలింది. నేను ఆటో నడుపుతాను, రోజంతా కూర్చునే ఉంటాను. ఆమె వాటా కూడా బెన్నీయే కూర్చుంటున్నాడని చర్చిలో నన్ను చూసి నవ్వుతారు.

ఆమె నర్సు. వార్డులో తిరిగే నర్సు కాదు, ఇళ్లకు తిరిగే నర్సు. మట్టెవాడ గల్లీల్లో ఎవరికి నెల తప్పిందో వాళ్ల అత్తకన్నా ముందు ఈమెకు తెలుస్తుంది. అందులోనూ తొలిచూలు ఇళ్లంటే ప్రాణం పెడుతుంది. రెండో కాన్పుకు తల్లికి సగం డాక్టరీ వచ్చేస్తుంది, మొదటిసారి తల్లిదండ్రులకు బిడ్డను ఎత్తుకోవడమే రాదు అంటుంది. కడుపుతో ఉన్నప్పుడు వెళ్లి రక్తం చూస్తుంది, మాత్రలు మింగారా లేక దిండు కింద దాచారా అని వెతుకుతుంది. బిడ్డ పుట్టాక లెక్కపెట్టి మళ్లీ మళ్లీ వెళ్లి తూకం చూసి వస్తుంది. అందుకు భుజాన సంచిలో కొక్కెం కాంటా, దానికి తగిలించే గుడ్డ ఊయల ఎప్పుడూ ఉంటాయి.

మొన్న మేడారం జాతరకు ముందు, జనవరిలో, ఆమెను ఒక ఇల్లు పట్టుకుంది. ముందు కిరాణా దుకాణం, వెనక ఇల్లు. యజమాని కట్టయ్య, ఆయన భార్య భద్రమ్మ. వాళ్ల కూతురు స్నేహలత తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అల్లుడు మహిపాల్‌కు స్టేషన్ ఘన్‌పూర్‌లో సెల్‌ఫోన్ల రిపేరు షాపు, ఆదివారం ఆదివారం రైలెక్కి వచ్చేవాడు. పెళ్లయిన అయిదేళ్లకు నిలిచిన కడుపు. ఆడపిల్ల పుట్టింది. దవాఖానలో తూకం రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు.

ఆ సాయంత్రమే కట్టయ్య సంతోషం పట్టలేక సరిగ్గా అంతే బరువు బెల్లం తూచి, పసుపు గుడ్డలో మూట కట్టి, దేవుడి అరలో పెట్టాడు. బిడ్డ పుడితే బిడ్డ ఎత్తు బంగారం ఇస్తామని మేడారం సమ్మక్క తల్లికి మొక్కుకున్నారు. అక్కడ బెల్లాన్ని బెల్లమనరు, బంగారమే. "జాతర దాక పిల్ల పెరుగుతది గద, పెరిగినంత కలుపుత" అన్నాడట కట్టయ్య.

అంతవరకూ బాగానే ఉంది. భద్రమ్మ ఒక మెలిక పెట్టింది. తల్లికి బంగారం జోకేదాకా, అంటే తూచి ఇచ్చేదాకా, పిల్ల మరో కాంటా ఎక్కకూడదు. జాతరకు పోయే వాళ్లందరికీ ఉన్న నియమం కాదది, భద్రమ్మ తన మొక్కుకు తానే వేసుకున్న ముడి. అయిదేళ్లు ఎదురుచూసిన మనిషి, ఎక్కడ ఏం జారిపోతుందోనని అన్ని వైపులా ముడులు వేసుకుంది. అప్పుడు నాకు ఒళ్లు మండింది, ఇప్పుడు మండడం లేదు.

తమాషా ఏమిటంటే, జాతర ముందు రోజులు కావడంతో ఆ దుకాణం ముందు పొద్దున్నుంచీ మొక్కుల జనమే. ముసలివాళ్లు, చంకపిల్లలు, కొత్త పెళ్లికొడుకులు ఒకరి వెనక ఒకరు తమ ఎత్తు బెల్లం కోసం పెద్ద కాంటా ఎక్కి దిగుతున్నారు. ఊరందరినీ జోకే ఇంట్లో ఆ ఒక్క పిల్లనే జోకనివ్వరు.

ఏడో రోజు హెప్సిబా సంచిలోంచి కొక్కెం కాంటా తీయగానే భద్రమ్మ పిల్లను కొంగు చాటు చేసుకుంది.

"నర్సమ్మా, అన్నీ చూడు. జోకుడు మాత్రం వద్దు."

"దవాఖానల జోకిండ్రు గదక్కా?"

"వాళ్లు నన్నడిగి జోకిండ్రా? నువ్వు అడుగుతానవ్ గనుక చెప్తాన, వద్దు. చర్చికి పోయేదానివి, మా తల్లి సంగతి నీకేమెరుక?"

ఇంటికొచ్చి చెబితే నేను గయ్యిమన్నాను. "వద్దన్నరని రాసి రా. నువ్వేమన్న ఆ పిల్లకు మేనత్తవా?" అన్నాను. హెప్సిబా తోమిన గిన్నెను మళ్లీ తోమింది.

మర్నాడు పై అధికారి ఫోన్ చేశాడు. "అమ్మా, ట్యాబ్‌ల ఆ పిల్ల తూకం గడి ఎర్రగ కనవడ్తాంది. అందాజగ మూడు కొట్టు, అయిపోతది." ఆమె "కొట్టను సార్" అని ఫోన్ పెట్టేసింది. ఎందుకు కొట్టనందో ఈ లోకంలో నాకొక్కడికే తెలుసు.

ఇరవై మూడేళ్ల కిందట, వేరే ఊళ్లో, ఒక ఇంట్లో ఇలాగే తూకం వద్దన్నారు. పిల్లాడు నిమ్మళంగా నిద్రపోతున్నాడు. ఈమె అప్పటికి ఉద్యోగానికి కొత్త, పెద్దవాళ్లతో గొడవెందుకని కంటితో చూసి రిజిస్టర్‌లో మూడు అని రాసింది. ఇరవై రెండో రోజున ఆ పిల్లాడు పోయాడు. ఎవరూ ఈమెను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. "ఆ మూడు నేను రాసిందే" అని నాతో ఒకసారి అంది, మళ్లీ ఎన్నడూ అనలేదు. కూర్చోవడం కూడా అప్పుడే మానేసిందేమో, నేను లెక్క పెట్టుకోలేదు.

పన్నెండో రోజు శనివారం. ఆ వేళ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లింది. పిల్ల నిద్రపోతూనే ఉంది. గుడ్డలు ఎన్నిసార్లు తడిపిందని అడిగితే రెండుసార్లు అన్నారు. తల్లి వినకుండా స్నేహలత చెప్పింది.

"ఆంటీ, రెండు గుటకలేసి పండుకుంటాంది. నాకు భయమైతాంది. అమ్మనేమో నీకు కొత్త, నీకేం తెల్వదంటాంది."

భద్రమ్మ వచ్చి, "బంగారమసొంటి పిల్ల. ఏడ్వనే ఏడ్వది. పండుకున్న పిల్లను లేపద్దంటరు" అని మురిసిపోయింది.

హెప్సిబా పిల్లను లేపింది. అరికాలు రుద్ది, నోరు పూర్తిగా తెరిచాక రొమ్ము ఎలా అందించాలో స్నేహలతకు చూపించింది, రెండు గంటలకోసారి లేపి పట్టమంది. దవాఖానలో చూపిద్దాం పదండి అని కూడా అడిగింది. "మంచిగున్న పిల్లను దవాఖానకెందుకు? పుట్టినప్పుడెట్లున్నదో గట్లనే ఉన్నది" అంది భద్రమ్మ. రోజూ చూసే కంటికి తరుగు కనపడదు, తన మనవరాలైతే అసలే కనపడదు.

ఆదివారం చర్చిలో హెప్సిబా నాలుగుసార్లు చోటు మారింది. ప్రసంగం సగంలో ఉండగా లేచి బయటికి నడిచింది. పాస్టరు గారు నా వైపు చూశారు, నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను. తర్వాత నేనూ లేచాను. ఆటో తీసేసరికే ఆమె వెనక సీట్లో ఉంది, సీటు అంచున. "జర జల్ది పోనీయయ్యా" అంది.

దుకాణం ముందు ఎప్పటిలాగే జనం. మహిపాల్ కూడా వచ్చి ఉన్నాడు. హెప్సిబా లోపలికి పోలేదు, కాంటా దగ్గరే నిలబడింది. భద్రమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, నా కాంట నేను తియ్య. మీ కాంట మీదనే, మీ తల్లి బంగారంతోనే జోకుండ్రి. మొక్కు తప్పదు. జాతరకు పోయేటప్పుడు పెరిగినంత కలుపుకుంటరు. నేను ముట్టను, దూరముంట."

"ఇయ్యాల్నే ఎందుకు?" అంది భద్రమ్మ.

"ఇయ్యాల్టికి కూడ నాకు నిద్ర పట్టకుంటే నేను బతకనక్కా" అంది నా భార్య. ఇరవై నాలుగేళ్ల ఉద్యోగంలో ఆమె ఎవరి ఇంట్లోనూ అలాంటి మాట అని ఉండదు.

భద్రమ్మ కదల్లేదు. కదిలింది స్నేహలత. పిల్లను ఎత్తుకుని దుకాణంలోకి వచ్చింది.

"అమ్మా, మొక్కు నీదే గని పిల్ల నాది. జోకుండ్రి."

కట్టయ్య పెద్ద కాంటా వదిలి, గూట్లోంచి పళ్లేల తరాజు తీశాడు. మహిపాల్ కండువా మడిచి ఒక పళ్లెంలో పరిచాడు. పడిపోతుందేమోనన్న భయంతో అప్పటిదాకా బిడ్డను ఒక్కసారి కూడా ఎత్తుకోని తండ్రి, రెండు చేతులతో పిల్లను అందుకుని పళ్లెంలో పడుకోబెట్టాడు. రెండో పళ్లెంలో కట్టయ్య పసుపు గుడ్డ మూట పెట్టి, తరాజు పైకెత్తాడు.

బెల్లం కిందికి దిగింది. పిల్ల పైకి లేచింది.

దుకాణంలో అందరూ తూకం తెలిసినవాళ్లే, ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. కట్టయ్య ముల్లు వైపు చూశాడు, ముల్లుదే తప్పేమోనని దించి మళ్లీ ఎత్తాడు. మళ్లీ అంతే. పదమూడు రోజుల కింద పుట్టిన పిల్ల పుట్టినప్పటి బరువు కూడా లేదు.

"జర ముక్క తీసెయ్, సమానమైతది" అన్నాడు వరుసలో నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన. కట్టయ్య చెయ్యి మూట దాకా వెళ్లి ఆగిపోయింది.

"తియ్యకు!" అని అరిచింది భద్రమ్మ. "అది తల్లిది. అండ్లకెళ్లి తియ్యకు. నా పిల్ల ఏడవోయిందే నర్సమ్మా? నా కండ్ల ముంగటనే ఉండె గద!"

హెప్సిబా అప్పుడు మాత్రం ముట్టుకుంది. మూట తీయించి ఇనుప రాళ్లు పెట్టించింది. రెండు కిలోల నాలుగు వందలు. పిల్లను స్నేహలత రొమ్ముకు ఆనించి, నలుగురినీ నా ఆటోలో కుక్కింది. నేను హారన్ మీది నుంచి చెయ్యి తీయకుండా పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. దారంతా భద్రమ్మ తనను తానే తిట్టుకుంటూ వచ్చింది. "తిట్టుకునుడు తర్వాత అక్కా, పిల్లను పండుకోనియ్యకు, అరికాలు రుద్దు" అంది హెప్సిబా.

తొమ్మిది రోజులు ఉంచుకున్నారు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరమ్మ అందట. ఆ తొమ్మిది రోజులూ హెప్సిబా డ్యూటీకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వెళ్లింది. చెంచాతో పాలు పట్టడం మహిపాల్ నేర్చుకున్నాడు. షాపు మూసుకుని వచ్చాడు, ఇంటికి వచ్చాక కూడా వారం దాకా పోలేదు. మా ఇంట్లో అన్నం నేనే వండాను, అది వేరే కథ.

నలభై అయిదో రోజున, మేడారం బయలుదేరే ముందు మళ్లీ తరాజు కట్టారు. పిల్లను అంత జనంలోకి తీసుకుపోవద్దని హెప్సిబా చెప్పకముందే భద్రమ్మే అంది, బంగారం పోతే చాలు, పిల్ల ఇంట్లోనే ఉంటదని. మహిపాల్ బిడ్డను పళ్లెంలో పెట్టాడు. ఈసారి పిల్ల కిందికి దిగింది, మూట పైకి లేచింది. పిల్ల చలికి కెవ్వుమని ఏడుస్తోంది. ఆ ఏడుపు విని భద్రమ్మ పకపకా నవ్వింది. కట్టయ్య ముక్క మీద ముక్క వేస్తూ ఆరు వందల గ్రాములు కలిపాక గాని రెండు పళ్లేలూ సమానం కాలేదు.

హెప్సిబా మూడు కిలోల నాలుగు వందలని కార్డులో రాసుకుంది. రాసి, సంచి భుజానికి తగిలించుకుని, పక్క గల్లీలో ఇంకో తొలిచూలు ఇల్లుందని నాకు సైగ చేసింది. అప్పుడు భద్రమ్మ అడ్డం వచ్చింది. చేతిలో పెద్ద బెల్లం ముక్క. నా భార్య ముఖం చూసి, మొక్కుది మేం తినమని ఆమె చెప్పకముందే అంది.

"ఇది తల్లిది కాదు నర్సమ్మా. మొక్కుల నుంచి తియ్యలే. దుకాణంల వేరే ముద్ద పగలగొట్టిన, నీ కోసమని. నువ్వు తినేదే."

హెప్సిబా రెండు చేతులా అందుకుంది. చుట్టూ చూసి, పక్కనున్న బియ్యం బస్తా మీద కూర్చుంది. ఆ ముక్క మొత్తం అయిపోయేదాకా లేవలేదు.