తేదీ అడిగిన కెమెరా

నాంపల్లి కోర్టుల్లో ఫోటో దాఖలు చేయాలంటే అప్పట్లో దానితోపాటు నెగెటివ్ కూడా ఇవ్వాల్సి వచ్చేది. తీసినవాడు సాక్షి బోనెక్కి, దీన్ని నేనే తీశాను, ఫలానా రోజు, ఫలానా చోట అని చెప్పాలి. ఇరవై నాలుగేళ్లుగా ఆ మాట చెబుతూ వచ్చిన మనిషి అమరేశ్వరరావు. గుద్దుకున్న లారీలు, పగలగొట్టిన తాళాలు, స్టాంపు కాగితాల మీద దొంగ సంతకాలు. ఆయన తీసినవన్నీ ఇలాంటివే. పెళ్లిళ్లకు పిలిస్తే వెళ్లేవాడు కాదు. మనుషుల్ని నవ్వమని చెప్పడం తనకు రాదనేవాడు.

ఫోటోగ్రఫీ ఆయనకు ఎవరూ నేర్పలేదు. యాభై ఆరులో తెనాలి నుంచి గుమస్తా ఉద్యోగంతో హైదరాబాదు వచ్చిన తండ్రి, కొడుకు కూడా గుమస్తా అవుతాడనుకున్నాడు. కొడుకు ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో కెమెరాల గురించి ఉన్నవి ఏరుకుని, చదివింది చేసి చూసి, తేలింది నోటుబుక్కులో రాసుకునేవాడు. ఏ రోజు, ఏ వెలుగు, ఎంత సేపు, ఏం చెడింది. ఎక్కువగా చెడిందే రాసుకునేవాడు. నాంపల్లి స్టేషన్ రోడ్డులో మేడ మీద మెట్ల పక్కనున్న ఆయన పని గదిలో అలాంటి నోటుబుక్కులు రెండు అరల నిండా ఉండేవి.

రెండు వేల మూడు ఆగస్టులో అబిడ్స్‌లోని ఒక కెమెరా దుకాణం యజమాని ఆయన చేతిలో అగ్గిపెట్టెలు నాలుగు పేర్చినంత డిజిటల్ కెమెరా ఒకటి పెట్టాడు. ఫిల్మ్ లేదు, కడగడం లేదు. ఇరవై రోజులు వాడి, రోజువారీ పనికి ఎలా ఉందో ఒక కాగితం మీద రాసివ్వమన్నాడు. అమరేశ్వరరావు బాగుందని రాస్తే వకీళ్లందరూ కొంటారని దుకాణదారు లెక్క.

అమరేశ్వరరావు కొత్త నోటుబుక్కు తీశాడు. ఏ పనికి వెళ్లినా ముందు తన పాత ఇనుప కెమెరాతో తీసి, తర్వాత అదే చోట నిలబడి దీనితో తీసేవాడు. రెండు ప్రింట్లనూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూసేవాడు.

మొదటి రోజే ఒక సంగతి తేలింది. మీట నొక్కాక కెమెరా కాసేపు ఆలోచించుకుని గాని బొమ్మ తీయదు. ఎదురుగా వచ్చే ఆటోను తీస్తే దాని వెనక చక్రం పడింది. కదిలేవాటికి ముందుగా నొక్కాలి అని రాసుకున్నాడు. రెండో రోజు ఎండలో వెనకనున్న చిన్న తెర మీద ఏమీ కనిపించలేదు. జేబురుమాలు కప్పి చూడాల్సి వచ్చింది. పెన్సిల్ సెల్స్ రెండు వేయాలి. రోడ్డు మీద దొరికేవి పదిహేను ఫోటోలకే చచ్చిపోతున్నాయి, చార్జింగ్ చేసేవి అరవై దాకా వస్తున్నాయి. స్టాంపు కాగితాన్ని దగ్గర నుంచి తీస్తే మాత్రం ఆయనే ఆశ్చర్యపోయాడు. సంతకంలో కలం ఆగి మళ్లీ కదిలిన చోటు కూడా తెలిసింది. తన ఇనుప కెమెరాకు అది చేతకాదు. అది కూడా రాశాడు.

నాలుగో రోజు రాసింది ఇది: “సెల్స్ తీస్తే తేదీ పోతోంది. కొత్తవి వేసినప్పుడల్లా తేదీ అడుగుతోంది. పెట్టకపోతే 1-1-2002 అని బొమ్మ మూలన ముద్ర వేస్తుంది. బొమ్మల వరస సంఖ్య మాత్రం పోవడం లేదు. మూడుసార్లు తీసి చూశాను.”

సెప్టెంబరు మొదటి ఆదివారం ఆయన అబిడ్స్‌లో పాత పుస్తకాల దగ్గర ఉన్నాడు. ఇనుప కెమెరా ఖైరతాబాద్‌లో, ఇంట్లో ఉంది. చిన్నది చొక్కా జేబులో ఉంది. జేబులో పడుతుంది కాబట్టి ఎప్పుడూ వెంట ఉంటుందని దుకాణదారు చెప్పిన మాట నిజమో కాదో చూద్దామని అలా వచ్చాడు. పుస్తకాల వరసను రెండు ఫోటోలు తీశాడు. అవి 112, 113.

అప్పుడే జంగమ్మ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది.

జంగమ్మ ఇస్త్రీ చేస్తుంది. అబిడ్స్ నుంచి నాంపల్లి వైపు వెళ్లే ఒక గల్లీ మొగలో ఆమెకు రేకుల డబ్బా ఉంది. మొగుడు ఉన్నప్పటి నుంచి పంతొమ్మిదేళ్లుగా అక్కడే బొగ్గుల పెట్టెతో వకీళ్ల నల్ల కోట్లు ఇస్త్రీ చేస్తోంది. నల్ల కోటుకు మెరుపు రాకుండా పైన తడి గుడ్డ వేసి చేయాలి. అది తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి కోర్టు కోట్లన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. డబ్బా వెనకున్న మేడను ఈమధ్య ఒకాయన కొన్నాడు. డబ్బా తీసెయ్యమని రెండుసార్లు చెప్పించాడు. ఆమె తీయలేదు.

“ఫోటో సార్, జర రాండి. డబ్బ పడగొట్టిన్రు. ట్రాక్టర్ల ఎత్తుకపోతున్నరు. రేపటికి ఆడ ఏం ఉండది, నన్నెవరు నమ్ముతరు?” అంది.

ఆదివారం కనుక పడగొట్టారు. కోర్టు ఉండదు, వకీళ్లుండరు. ఖైరతాబాద్ వెళ్లి ఇనుప కెమెరా తెద్దామంటే, నిమజ్జనానికి ఇంకా రెండు రోజులే ఉంది. గణపతిని చూడ్డానికి వచ్చిన జనంతో అక్కడ బస్సు కదలదు. అమరేశ్వరరావు ఆమె వెంట నడిచాడు.

డబ్బా బోర్లా పడి ఉంది. రేకులు నలిగాయి. బొగ్గులు, విరిగిన బల్ల, హ్యాంగరుతో సహా ఒక నల్ల కోటు మట్టిలో ఉన్నాయి. ఇద్దరు కూలీలు ట్రాక్టరులోకి ఎత్తుతున్నారు. ఆయన కెమెరా తీసి మీట నొక్కాడు. తెర ఒకసారి వెలిగి ఆరిపోయింది. సెల్స్ అయిపోయాయి. ఎదురుగా తాళాలూ దువ్వెనలూ అమ్మేవాడి దగ్గర రెండు సెల్స్ కొని వేశాడు. కెమెరా వెలిగి తేదీ అడిగింది.

తేదీ పెట్టాలంటే ఏడాది, నెల, రోజు, గంట, నిమిషం, ఒక్కొక్కదాన్నీ చిన్న మీటతో పైకి జరపాలి. ఎండలో తెర కనిపించడం లేదు. కూలీలు బల్ల ఎత్తేశారు, కోటు వైపు వెళుతున్నారు. ఆయన తేదీ పెట్టకుండా దాటేశాడు. తొమ్మిది ఫోటోలు తీశాడు. తర్వాత మెట్టు మీద కూర్చుని నోటుబుక్కులో రాశాడు. ఇంటికి వెళ్లి తేదీ పెట్టి, గోడ మీది క్యాలెండరును ఒక ఫోటో తీశాడు. అది 123.

మర్నాటికి గల్లీ మొగ ఊడ్చినట్టు ఉంది. జంగమ్మ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. మేడ యజమాని చెప్పింది ఒకటే మాట: ఆమె డబ్బా రెండేళ్ల కిందటే గాలివానకు కూలిపోయింది, ఆమె చోటు వదిలి వెళ్లిపోయింది, ఇప్పుడు మేడ చూసి డబ్బు గుంజడానికి వచ్చింది.

ప్రింట్లు వచ్చాయి. నలిగిన రేకులు, మట్టిలో కోటు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కింద కుడి మూలన నారింజ రంగులో 1-1-2002. యజమాని చెప్పే అబద్ధానికి సరిగ్గా సరిపోయే తేదీ.

జంగమ్మ తరఫున తిరుగుతున్నది బిచ్చయ్య. ఒక వకీలు దగ్గర ముప్పై ఏళ్లుగా గుమస్తా. మట్టిలో పడిన కోటు వాళ్ల వకీలుదే. అతను అమరేశ్వరరావు గదికి వచ్చి ప్రింట్లు చూసి, ఆయన ముఖం చూసి, తలుపు దగ్గరగా వేశాడు.

“సార్, గీ అంకెలు కంప్యూటర్ల మార్చుడు రెండు నిమిషాల పని. అబద్ధం కూడా కాదు. అసలు తారీఖే పెడుతున్నం గదా” అన్నాడు.

అమరేశ్వరరావు వద్దన్నాడు. పోనీ మూల కత్తిరిద్దామన్నాడు బిచ్చయ్య. దానికీ ఒప్పుకోలేదు. ఎందుకు కత్తిరించావని అడిగితే ఏం చెప్పాలన్నాడు.

“ఇరవై నాలుగేండ్ల మీ పేరు సల్లగుండాలె. దాని డబ్బ మాత్రం పోవాలె. గంతేనా సార్?”

అమరేశ్వరరావు ప్రింట్లు వరసగా పేర్చాడు. తేదీ పెట్టకుండా దాటేసింది తనే. “తప్పు బొమ్మలో ఉండనీ. నేను వచ్చి చెబుతాను” అన్నాడు. బిచ్చయ్య ప్రింట్లు కవరులో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్లాడు.

ఆ తొమ్మిది ఫోటోలు కేసులో ఉన్నాయి, నెగెటివ్ బదులు చూపడానికి ఉన్నది కెమెరాయే కనుక కెమెరాను వెనక్కి ఇవ్వడం కుదరదని అమరేశ్వరరావే దాన్ని కొనేశాడు. దుకాణదారు ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. రావుగారే కొన్నాక ఇక మాటేముందన్నాడు. రాసిస్తానన్న కాగితం గురించి మాత్రం రెండు నెలలకోసారి గుర్తుచేసేవాడు. కేసు తేలాక ఇస్తానని ఈయన చెప్పేవాడు.

కేసు పిలుపుకు పదహారు నెలలు పట్టింది. అప్పటిదాకా జంగమ్మ తన ఇంటి మెట్ల కింద ఇస్త్రీ చేసి, కోట్లు మూట కట్టుకుని కోర్టుకు మోసేది. మోసిన కోటు మడత పడుతుంది. సగంమంది మానేశారు. మిగతావాళ్లు మొహమాటానికి ఇస్తున్నారని ఆమెకు తెలుసు. సాక్ష్యం రోజు పొద్దున అమరేశ్వరరావు చొక్కాను ఆమే ఇస్త్రీ చేసి పంపింది.

మేడ యజమాని తరఫు వకీలు మొదటి ఫోటో ఆయన చేతికిచ్చి, దాని మీద ఏ తేదీ ఉందో చెప్పమన్నాడు.

“ఒకటి, ఒకటి, రెండు వేల రెండు.”

“అంటే ఆ రోజుకే డబ్బా కూలి ఉంది.”

“లేదండి. ఆ తేదీ తప్పు.”

“కెమెరా అబద్ధం చెప్పిందంటారా?”

“కెమెరా తేదీ అడిగింది. నేను చెప్పలేదు.”

అమరేశ్వరరావు నోటుబుక్కు తీశాడు. మేజిస్ట్రేటు అనుమతిస్తే ఆ రోజు పేజీ చదివాడు. “పది నలభై. సెల్స్ అయిపోయాయి. రోడ్డు మీద కొన్నవి వేశాను. తేదీ అడిగింది. ట్రాక్టరు నింపుతున్నారు, పెట్టలేదు. 114 నుంచి 122 వరకు జంగమ్మ డబ్బా. తొమ్మిదింటి మీదా తేదీ తప్పు పడుతుంది.”

వకీలు నోటుబుక్కు తీసుకుని చూశాడు. అతని ముఖంలో వెలుగు వచ్చింది. వేలు పెట్టి, దాని కింది వాక్యం కూడా చదవమన్నాడు. అమరేశ్వరరావు అదే గొంతుతో చదివాడు.

“కోర్టు పనికి ఈ కెమెరాను నమ్మరాదు.”

గదిలో నవ్వులు వినిపించాయి. వెనక బల్ల మీద బిచ్చయ్య తల దించుకున్నాడు. జంగమ్మ అతని మోచేయి పట్టుకుని, ఏమైందని అడిగింది.

“మీరే నమ్మని కెమెరాను కోర్టు ఎందుకు నమ్మాలి?” అన్నాడు వకీలు.

“తేదీ విషయంలో నమ్మొద్దండి. అందుకే రాశాను. దేంట్లో నమ్మొచ్చో కూడా అందులోనే ఉంది.”

మేజిస్ట్రేటు మొదటి నుంచి చదవమన్నాడు. అమరేశ్వరరావు కళ్లద్దాలు సరిచేసుకుని, ఆటో వెనక చక్రం దగ్గర మొదలుపెట్టాడు. ఎండలో కనిపించని తెర, పదిహేను ఫోటోలకు చచ్చే సెల్స్, రాత్రి ఫ్లాష్‌కు సున్నం కొట్టినట్టయ్యే ముఖాలు. పావుగంట చదివాడు. నాలుగో రోజు పేజీ వచ్చింది. సెల్స్ తీస్తే తేదీ పోతోంది, వరస సంఖ్య పోవడం లేదు. డబ్బా పడగొట్టడానికి చాలా రోజుల ముందు రాసిన మాట.

మేజిస్ట్రేటు ఆపమని, ఫోటోలన్నీ వరసగా పెట్టించాడు. 113, పుస్తకాల ఫుట్‌పాత్, దాని మీద సెప్టెంబరు ఏడు. 123, గోడ మీద క్యాలెండరు, దాని మీదా సెప్టెంబరు ఏడు. డబ్బా ఫోటోలు తొమ్మిదీ ఆ రెంటి మధ్య. వరస సంఖ్యలు కంప్యూటర్లో మార్చొచ్చు కదా అని వకీలు అడిగాడు. మార్చొచ్చన్నాడు అమరేశ్వరరావు. అది కూడా పదకొండో రోజు పేజీలో ఉందని చూపించాడు. మార్చదలిస్తే ముందు తేదీనే మార్చేవాణ్ని కదా అన్నాడు. నోటుబుక్కు మీద సాక్ష్యంగా అంకె వేసి ఫైలులో కలిపారు.

మూడు వారాలకు తీర్పు వచ్చింది. డబ్బా ఆ ఆదివారం దాకా అక్కడే ఉందని, యజమానే పడగొట్టించాడని తేలింది. జరిమానా వేశారు. బిచ్చయ్య బయటికి వచ్చి తీర్పులో ఏముందో చెప్పబోతే జంగమ్మ వినలేదు.

“గవన్ని నాకెందుకు. డబ్బ పెట్టుకోవచ్చా?”

“నువ్వాడ లేకుంటివని ఇంక ఎవ్వడనడు. పెట్టుకో, పో” అన్నాడు బిచ్చయ్య.

సోమవారం గల్లీ మొగలో కొత్త రేకులు నిలబడ్డాయి. మేడ మీద నుంచి ఎవరూ ఏమీ అనలేదు. ఆ మధ్యాహ్నం అమరేశ్వరరావు ఇనుప కెమెరాతో ఒకటి, చిన్నదానితో ఒకటి డబ్బాను ఫోటో తీశాడు. చిన్నదాన్ని బయటికి తీశాక, జేబురుమాలు కప్పి తేదీ సరిచూసుకుని గాని మీట నొక్కలేదు.

జంగమ్మ ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఊదుతూ ఆయన చొక్కా వైపు చూసింది.

“సార్, గా డబ్బ కెమెరా జేబుల పెట్టకుండ్రి. జేబు సాగిపోయింది. ఎంత రుద్దినా నిలబడ్తలేదు.”

దుకాణదారుకు ఇవ్వాల్సిన కాగితం ఆయన ఆ సాయంత్రం రాశాడు. నోటుబుక్కు కోర్టు ఫైలులో ఉండిపోయింది కనుక గుర్తున్నది గుర్తున్నట్టు రాశాడు. కాగితాలను దగ్గర నుంచి తీసే పనికి మంచిది. కదిలేవాటికి కాదు. సెల్స్ మార్చినప్పుడల్లా, ఎంత తొందరలో ఉన్నా, తేదీ పెట్టాలి. వెంట నోటుబుక్కు లేనివాళ్లు కోర్టు పనికి వాడకూడదు. సంతకం పెట్టబోయి ఆగి, కింద ఇంకో వాక్యం చేర్చాడు: చొక్కా జేబు సాగుతుంది.

దుకాణదారు దాన్ని చదివి మడతపెట్టి సొరుగులో వేసుకున్నాడు. దుకాణం అద్దానికి అంటించలేదు.