కంచె పక్కన నల్లరాళ్లు

పరాయి దేశంలో, టార్నీట్ అనే నగర శివారులో ఇల్లు కట్టుకున్న పదకొండేళ్లలో కనకరాజు ఇరుగుపొరుగుతో ఒక్కసారీ గొడవపడలేదు. అలాగని ఎవరినీ నమ్మనూ లేదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం అతని ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ చూపు మారేది కాదు.

పోయిన చలికాలం పక్కింట్లోకి ఆర్తూర్ అనే డెబ్బై ఏళ్ల పోర్చుగీసు ఆయన వచ్చాడు. వారం తిరక్కుండానే గునపం పట్టుకుని పెరడంతా తవ్వాడు. అక్కడి నేల నిండా నల్లరాళ్లే. తీసిన రాళ్లను తీసినట్టే కంచె వెంట పేర్చసాగాడు. సిమెంటు ఊసే లేదు.

"చూశావా నీలిమా? ముందు కంచెకి గోడ ఆనిస్తాడు. తర్వాత అదే బౌండరీ అంటాడు."

"మీకన్నీ డౌట్లేనండీ. వెళ్లి అడిగితే పోలా?" అంది భార్య.

"అడిగితే అలర్ట్ అయిపోతాడే."

అడగకుండా స్థానిక పురపాలక కౌన్సిల్‌కి ఫిర్యాదు రాశాడు. ఒకామె టేపుతో వచ్చి కొలిచింది. గోడ కంచెకి జానెడు అవతల, ఆర్తూర్ స్థలంలోనే ఉందని తేల్చి వెళ్లిపోయింది.

ఆ శనివారం ఆర్తూరే గేటు దగ్గర నిలబడి పిలిచాడు. కనకరాజు బెరుకుగానే లోపలికి వెళ్లాడు. మోకాలెత్తు రాతిగోడల మధ్య చిన్నచిన్న గదులు, గదికో ద్రాక్షతీగ. ఆర్తూర్ ఫోన్‌లో తన ఊరు చూపించాడు. అట్లాంటిక్ నడుమ పీకు అనే దీవిలో, అగ్నిపర్వతం కింద, సముద్రం ఒడ్డున మదలేన అనే చిన్న మునిసిపాలిటీ. అక్కడా నీళ్లదాకా ఇవే గోడలు.

"ఉప్పుగాలికి తీగ మాడిపోతుంది. అందుకే మా తాతలు ఇలా పేర్చేవాళ్లు," అన్నాడు ఇంగ్లీషులో.

"ఇక్కడ ఉప్పుగాలి లేదుగా?"

"లేదు. కానీ ఈ రాయి కూడా అగ్నిపర్వతానిదే. గోడ లేకుండా తీగ నాటడం నాకు చేతకాదు." తర్వాత అడిగాడు: "కౌన్సిల్‌కి ఎవరు రాశారో మీకేమైనా తెలుసా?"

కనకరాజు చూపు తిప్పుకున్నాడు. "వెనకవీధి వాళ్లయ్యుంటారు."

ఆర్తూర్ అతని మొహంలోకి చూశాడు. వంగి ఇంకో రాయి అందుకున్నాడు.

"అతనికి తెలిసిపోయింది," అన్నాడు కనకరాజు ఇంటికొచ్చి. "తెలిసీ ఎందుకు పిలిచాడంటావ్?"

"చెప్పేసి సారీ అనండి," అంది నీలిమ.

ధైర్యం చిక్కడానికి తొమ్మిది రోజులు పట్టింది. వెళ్లి, రాసింది తనేనని చెప్పాడు. ఆర్తూర్ చేతిలో రాయి కింద పెట్టి, "ఆ రోజే చెబుతారనుకున్నాను," అన్నాడు.

ఇప్పుడు పలకరిస్తే పలుకుతాడు. గేటు లోపలికి మాత్రం మళ్లీ పిలవలేదు.