పథ్యం లేని బచ్చలి కూర

మా ఆయనకు బచ్చలి పిచ్చి. పెళ్లి భోజనాల్లో అందరూ జిలేబీ కోసం మెడలు చాస్తుంటే, ఈయన కంద బచ్చలి వడ్డించేవాడి కోసం ఎదురుచూసేవారు. అనకాపల్లిలో మేం అద్దెకున్న ఇంటి పెరట్లో, ఎక్కడినుంచో తెచ్చిన ఎర్రకాడ తీగముక్క గుచ్చి, గోడకు మేకులు కొట్టి పురికొస కట్టారు. ఏడాది తిరిగేసరికి అది కిటికీ ఊచలు చుట్టుకుని పక్కింటి డాబా మీదికి పాకింది. బెల్లం కొట్టులో గుమాస్తా పని ముగించుకుని వచ్చి, చెప్పులు విప్పకముందే దాని దగ్గరికి వెళ్ళేవారు. "ముందు నన్ను పలకరించండి, తర్వాత మీ రెండో పెళ్ళాన్ని" అనేదాన్ని.

కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలయ్యాక, ముందుగా పోయింది ఆ కూరే. ఆకుకూరల్లో పొటాషియం ఎక్కువట, అది గుండెకు ముప్పట. కంద అసలే వద్దన్నారు. మరీ తినాలనిపిస్తే ఎప్పుడైనా నాలుగాకులు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్ళీ ఉడికించి పెట్టమన్నారు. చింతపండు లేదు, ఉప్పు ఉండీ లేనట్టే. ఆయన ఒక ముద్ద నమిలి, "ఏటిది, గుడ్డముక్క నాగుంది" అనేవారు. నాకు చిర్రెత్తుకొచ్చేది. అది నా వంట కాదు, రుచంతా సింకులోకి పోయాక మిగిలిన పిప్పి.

ఒకరోజు ఆ తీగను మొదలంటా కోసేద్దామని కత్తి తీసుకుని వెళ్తే అడ్డం నిలబడ్డారు.

"తిననివ్వకపోతే మానె. కంటితో సూసుకోనీ" అన్నారు.

తీగ మాత్రం తెగ పెరిగింది. ఆకులు ఇరుగుపొరుగుకు పంచేవాళ్ళం. వాళ్ళిళ్ళలోంచి తాలింపు వాసన వస్తే కిటికీ మూసేదాన్ని.

మొన్న వానాకాలంలో ఆయన గుండె బలహీనపడింది. మిషను మీద పడుకోబెట్టగానే బీపీ పడిపోయేది. డాక్టరు నన్నొక్కదాన్నే గదిలోకి పిలిచి, "ఇక డయాలసిస్ తట్టుకోలేరమ్మా. పథ్యాలేం వద్దు, ఇష్టమైంది పెట్టండి" అన్నాడు. ఇన్నాళ్ళూ ఒక్క టమాటాకీ, గుక్కెడు కొబ్బరినీళ్లకీ నన్ను దొంగలా నిలదీసిన మనిషి. ఆ మెత్తటి మాట వింటుంటే అతన్ని కొట్టాలనిపించింది. బయటికొచ్చి మా ఆయనతో, ఒంట్లో కాస్త బలం వచ్చేదాకా మిషను వద్దన్నారని చెప్పాను. సరేనని తలూపారు.

ఇంటికొచ్చి ఆకు కోశాను. స్టవ్ ముందు చాలాసేపు ఊరికే నిలబడ్డాను. సరిగ్గా వండితే ఆయనకు సంగతి తెలిసిపోతుంది. నీళ్లు పారబోసి వండితే, ఇంత ఇష్టమైన కూర మళ్ళీ రుచి చూడకుండానే వెళ్ళిపోతారు. రెండూ నావల్ల కాలేదు. చివరికి కంద ముక్కలు వేశాను, చింతపండు పులుసు పోశాను, చిన్న బెల్లం ముక్క వేశాను, దించాక ఆవ నూరి కలిపాను.

ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు.

"నీళ్లు పారబొయ్యలేదేటి?"

మజ్జిగ గిన్నె కోసం అన్నట్టు అటు తిరిగాను. "మర్చిపోయాను" అన్నాను.

ఆ ముద్ద నెమ్మదిగా నమిలి మింగారు. తర్వాత, "మంచి పని సేసేవు. ఇంకాస్త ఎయ్యి" అన్నారు.

డాక్టరు ఏమన్నాడని అడగలేదు, అప్పుడూ, ఆ తర్వాతా. కంచం ఖాళీ చేసి, మర్నాడూ అదే వండమన్నారు. మర్నాడు రెండు ముద్దలే దిగాయి. ఆ పై రోజు గిన్నె దగ్గరికి తెస్తే తల అడ్డంగా ఊపారు.

"నాకు సయించదు. నా ముందు కూకుని నువ్వు తిను."

ఆయన మానేసిన రోజు నుంచీ నేనూ బచ్చలి ముట్టలేదు. ఆ సంగతి ఆయన కనిపెట్టారని నాకు తెలీదు. మంచం పక్కన కంచం పెట్టుకుని కూర్చుని తిన్నాను.

"ఎలాగుంది?" అన్నారు.

చాలా బాగుందని చెప్పి, ఎంగిలి చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను.