గేటు బయట పదిమంది అప్పలలు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. ఆ రోజుల్లో నేనూ అలాంటి సర్వజ్ఞుణ్ణే. మావాళ్ళు కర్మాగారంలో పనికని వలసొచ్చి స్థిరపడ్డ, హిందీ మాట్లాడే ఊరు మాది. గోల్‌మురి బజారులో మిఠాయి కొట్టు మీది గదిలో మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు. నాతో కలిపి ముగ్గురం. కర్మాగారానికి మనుషుల్ని పంపే ఓ కాంట్రాక్టరు కోసం ఒక ప్రోగ్రాం రాశాను. పొద్దుటి షిఫ్టుకి వచ్చేవాళ్ళ పేర్లు అక్షరక్రమంలో పేర్చి గేటుకి పంపడం దాని పని. అందులో మా మేనమామ పేరూ ఉండేది. "మా మేనల్లుడు సేసిన లిస్టుతోనే డూటీకెల్తన్నాను" అని ఆయన తానుండే పేట భుయ్యాడీహ్‌లో కనబడ్డవాడికల్లా చెప్పుకొనేవాడు.

ఓసారి కాంట్రాక్టరు, జాబితా పంపేముందు మొదటి పది పేర్లు తెరమీద చూపించమన్నాడు. ఇంతేనా అనుకున్నాను. ప్రోగ్రాం రాసే ఆ భాషలో స్లైస్, స్ప్లైస్ అని రెండు ఆదేశాలు తయారుగా ఉంటాయి. స్లైస్ మనమడిగిన ముక్కకు నకలు తీసి ఇస్తుంది. అసలు జాబితా చెక్కుచెదరదు. స్ప్లైస్ ఆ ముక్కను జాబితాలోంచి కోసేసి మన చేతిలో పెడుతుంది. (కవలలకు పెట్టినట్టు ఆ పేర్లు పెట్టిన మహానుభావుడెవరో!) పుస్తకం తెరిచి చూడకుండానే నేను రెండోది రాశాను. తెరమీద పది పేర్లు ముచ్చటగా కనిపించాయి. మిగతావి గేటుకి వెళ్ళాయి.

మర్నాడు పొద్దున్నే గేటు కాపలాదారు ఫోను. "అరే భాయ్, ఆజ్ సారే అప్పల్ గాయబ్ హై!" అప్పలలంతా మాయమట! మా శ్రీకాకుళం, విజయనగరం వైపు సింహాచలం అప్పన్న పేరు లేని ఇల్లు అరుదు. జాబితాలో మొదటి పదిమందీ వాళ్ళే: అప్పలరాజులు, అప్పలనాయుళ్ళు, అప్పలస్వాములు, మధ్యలో మా మావయ్య. గేటు మూస్తే వాళ్ళకు ఆ రోజు పని పోయినట్టే. సరిచేసిన జాబితా పట్టుకుని స్కూటరు మీద గేటుకి పరిగెత్తాను. హెల్మెట్లు చంకలో పెట్టుకుని పదిమందీ ఎండలో నిలబడ్డారు. తొమ్మిదిమంది చూపులూ మావయ్య మీదే. ఆయన చూపు మాత్రం తన బూట్ల మీద. "తప్పు నాదే" అన్నాను. జాబితా కాపలాదారు చేతిలో పెట్టాను. మూసే వేళకు అయిదు నిమిషాల ముందు అందరూ లోపలికెళ్ళారు.

సాయంత్రం వాళ్ళింటికెళ్ళాను. "ఏటయిందిరా?" అన్నాడు మావయ్య. "స్ప్లైస్ కోసేసింది మావయ్యా" అని కథంతా విప్పాను. ఆయన చేసేది తెగిన కన్వేయరు బెల్టుల కొసలు కలిపే పని. ప్లాంటులో దాన్నే స్ప్లైసింగ్ అంటారు. టీ గ్లాసు కింద పెట్టాడు. "ముప్పయ్యేళ్ళ నుండి నాను సేత్తన్నదదే కదరా! స్ప్లైసంటే అతకడం. మీ కంప్యూటరోళ్ళు అతుకుని కోతంటారేటి?" అత్తయ్య చీర చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

చాలా ఏళ్ళకు, మావయ్య పోయాక, ఆ అప్పలల్లో ఒకాయన బిర్సానగర్‌లో కలిసి చెప్పాడు. ఆ రోజు గేటు దగ్గర్నుంచి నేను వెళ్ళిపోయాక మావయ్య అందరితో అన్నాడట: "తప్పు సేసేడు గానీ దాక్కోలేదు. ఈడు పైకొత్తాడు." పైకి ఎంత వచ్చానో చెప్పలేను. జుట్టు నెరిసింది. స్లైస్, స్ప్లైస్ రెండింటిలో ఏది రాయాల్సొచ్చినా ఇవాళ్టికీ ఓసారి పుస్తకం తెరిచి చూసుకుంటాను.