డబ్బా ఇంట్లో కుంపటి

మణుగూరు నుంచి అడవి దారి పట్టి రాళ్ళవాగు దాటితే వచ్చే గూడెంలో జంపక్కకు రెండు పనులు బాగా తెలుసు. ఒకటి ఇళ్ళ గోడలకు వెదురు తడికలు అల్లడం, రెండోది పురుడు పోయడం. మొదటిది మొగుడు పోయాక బతుకుతెరువుకు నేర్చుకుంది, రెండోది అత్త చేతి కింద నేర్చుకుంది. ఈ రెండింట్లో ఎవరు వంక పెట్టినా ఊరుకునే మనిషి కాదు. నోరు పెద్దదని గూడెమంతా గొణిగేది. నొప్పులు మొదలైతే మాత్రం అందరూ ఆ నోటి దగ్గరికే పరుగెత్తుకొచ్చేవారు.

పురుడు విషయంలో గూడేనికి కొన్ని పట్టింపులున్నాయి. బాలింత పడుకున్న ఇంటి గోడ మీద గాని, కప్పు మీద గాని పురిటి స్నానం అయ్యేదాకా ఎవరి చెయ్యీ పడకూడదు. కప్పు కురుస్తున్నా ఒక్క ఆకు సర్దకూడదు. ఊరిపెద్ద సీతయ్య, జంపక్కకు వరసకు బావ, తన పెద్దకొడుకు పుట్టినప్పుడు కారుతున్న కప్పు కింద ముసురంతా గొడుగు వేసుకుని కూర్చున్నాడు. ఆ ముచ్చట చెప్పుకుని గూడెం ఇప్పటికీ నవ్వుతుంది. సీతయ్య మాత్రం నవ్వడు.

రాళ్ళవాగు సంగతి వేరు. అది నవ్వుకునే ముచ్చట కాదు. వానలు మొదలైతే వాగు పొంగి గూడెం దీవి అయిపోతుంది. జంపక్క కూతురు ఎర్రమ్మకు కాన్పు కష్టమైతే మంచం మీద పడుకోబెట్టి వాగు దాకా మోసుకొచ్చారు. నీళ్ళు తగ్గేదాకా ఒడ్డునే కూర్చోవలసి వచ్చింది. నీళ్ళు తగ్గలేదు, ఎర్రమ్మ దక్కలేదు. అప్పటి నుంచి వానాకాలంలో వాగు హోరు వినపడితే జంపక్క చెవులకు కొంగు చుట్టుకునేది. మందులూ సూదులూ సిస్టరూ అన్నీ వాగుకు ఇవతలే ఉండాలని పట్టుబట్టి, వచ్చిన ప్రతి ఆఫీసరు వెంటా పడేది.

గూడెంలో దవాఖానా లేదని కాదు. ఒక రేకుల గది ఉండేది. వేసవిలో అందులో కూర్చోవడం కంటే పొయ్యిలో కూర్చోవడం నయం. నర్సు శ్యామల సిస్టర్ కూడా కుర్చీ తెచ్చుకుని బయట చెట్టు కిందే కూర్చునేది. ఇక అందులో కాన్పుకు ఎవరొస్తారు? ఇటుకలతో కట్టిద్దామంటే ఇసుక, సిమెంటు లారీ ఆ దారిన రాదు. ఈ పంచాయితీ ఏళ్ళ తరబడి సాగి, చివరికి రెండు వేల ఆరో సంవత్సరం ఎండాకాలంలో ఒక ట్రాక్టరు మీద గోడలకు గోడలే వచ్చి దిగాయి.

వాటిని బిగించడానికి వచ్చినవాడు మున్వర్. మణుగూరులో తాతల నాటి నుంచి రేకు పెట్టెలు చేసే ఇల్లు వాళ్ళది, ఇతను కూలర్లు కూడా చేస్తాడు. కూలికి వెళ్ళిన జంపక్క ఒక పలకను ఒక కొసన పట్టుకుని ఎత్తి బిత్తరపోయింది.

"ఏంది సాబ్, గింత పెద్దగున్నది, బరువే లేదు?"

"రెండు దిక్కుల పల్చటి రేకు, నడుమ గట్టి నురగ అక్కా. ఆ నురగల గాలి ఇరుక్కొని ఉంటది. ఎండ బయటనే ఆగిపోతది. దీన్ని ప్యానెల్ అంటరు."

"గంతేనా? మేము గూడ తడికను నేల మీదనే అల్లి, లేపి నిలబెట్టి, మట్టి మెత్తుతం. గదీ గిదీ ఒక్కటే."

"అవ్, నీ తడికకు పట్నంల పుట్టిన తమ్ముడనుకో," అని మున్వర్ నవ్వాడు.

ఒక పలక అంచు ఇంకో పలక గాడిలో దిగి అతికినట్టు కూర్చుంటుంది. బోల్టులు బిగిస్తే గోడ. ఒక వారం సంత నుంచి మరు వారం సంతకు ఇల్లు లేచింది. గూడెం దానికి డబ్బా ఇల్లని పేరు పెట్టింది. పేరు పెట్టి ఎగతాళి చేసినవాళ్ళే మిట్టమధ్యాహ్నం ఏదో ఒక నొప్పి చెప్పుకుని లోపలికొచ్చి కూర్చునేవాళ్ళు. కరెంటు లేకపోయినా చల్లగా ఉండేది మరి. జంపక్క ఆ ఇంటిని సొంత ఇంటి కంటే ముందు ఊడ్చేది.

అందులో మొదటి కాన్పు భీమక్కది. కాన్పు సుఖంగానే అయింది, మగపిల్లాడు. మర్నాడు మందుల కోసం శ్యామల సిస్టర్ మణుగూరు వెళ్ళింది. పొద్దున్నే అకాల వాన పడి చలిగాలి తిరిగింది. జంపక్క తన అత్త చేసినట్టే చేసింది. కుంపట్లో బొగ్గులు రాజేసి బాలింత మంచం కింద పెట్టి, కిటికీ బిగించి, తలుపు మూసి, గుడ్డలు ఉతకడానికి బోరింగు దగ్గరికి పోయింది.

తడిక గోడకూ గడ్డి కప్పుకూ నడుమ చెయ్యి దూరేంత సందు ఉంటుంది. ఎన్నో గోడలు నిలబెట్టిన జంపక్క ప్రతి గోడకూ ఆ సందు వదిలింది. అందరూ వదులుతారు కాబట్టి వదిలింది, అది ఎందుకో ఎన్నడూ ఆలోచించలేదు. డబ్బా ఇంట్లో ఆ సందు లేదు.

తిరిగొచ్చి పిలిస్తే భీమక్క పలకలేదు. తలుపు తీస్తే లోపలి గాలి ముక్కుకు బరువుగా తగిలింది. పసివాడి పెదాలు నల్లబడి ఉన్నాయి. జంపక్క ఒట్టి చేతులతో కుంపటి పట్టుకుని వాకిట్లోకి విసిరేసింది. భీమక్క పడుకున్న మంచాన్ని ఉన్నదున్నట్టే బయటికి ఈడ్చుకొచ్చింది. పిల్లాడి వీపు రుద్దుతూ, కాళ్ళు తడుతూ, నోట్లో ఊదుతూ తెలిసిన దేవతనల్లా తిట్టింది. వాడు ఏడ్చాడు. తర్వాత భీమక్క కళ్ళు తెరిచింది. అప్పుడు గాని జంపక్కకు తన అరచేతులు కాలిన సంగతి తెలియలేదు.

ఆ పూటే తల్లినీ పిల్లనూ వాళ్ళింటికి చేర్చారు. సాయంత్రం సీతయ్య పంచాయితీ పెట్టాడు.

"ఆ ఇల్లు ఊపిరి తింటది. మనకొద్దు," అన్నాడు.

"ఇల్లు తినలే బావా. నేను పెట్టిన కుంపటి తిన్నది."

"కుంపటి మన ఇండ్లల్ల ఎన్నడన్న మనిషిని తిన్నదా? నీ అత్త పెట్టలేదా? మా అమ్మ పెట్టలేదా?"

జంపక్క తన కాలిన అరచేతుల వంక చూసుకుంది. కబురు అందుకున్న, ఆ ఇల్లు వేయించిన ఆరోగ్య శాఖ సూపర్‌వైజరు కూడా ఏమీ బాధపడలేదు. ఇంకో ఊరివాళ్ళు అడుగుతున్నారని, వాగు పొంగకముందే ట్రాక్టరు పంపి విప్పించుకుపోతానని అన్నాడు. బోల్టులతో నిలబడ్డ ఇల్లు కదా, తీసేయడం ఎంతసేపు?

జంపక్కకు కోపం వచ్చింది, సిగ్గేసింది, అన్నిటికీ మించి భయమేసింది. కోడలు ప్రమీలకు నెలలు నిండుతున్నాయి. కాన్పు సరిగ్గా వానల్లోనే వస్తుంది. ఎర్రమ్మను పడుకోబెట్టిన ఒడ్డు కళ్ళ ముందు మెదిలింది. ఆ రాత్రి తన ఇంట్లో పొయ్యి పొగ గోడ పైని సందులోంచి బయటికి పోవడం చూసింది. తెల్లారగానే కాలిన చేతులకు గుడ్డలు చుట్టుకుని మణుగూరు దారి పట్టింది.

"మా గోడలకు పైన సందు ఉంటది సాబ్. నీ గోడకు లేదు. పెట్టు," అన్నది, మున్వర్ దుకాణంలో అడుగు పెడుతూనే.

"సందు పెడితే చల్లదనం బయటికి పోతది అక్కా."

"మనిషే పోతే చల్లదనం ఎవరికి?"

మున్వర్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. కప్పు కింద ఎదురెదురుగా రెండు కంతలు కోసి, జాలీ పెట్టి, మూసుకోవడానికి చిన్న రేకు తలుపులు బిగిస్తానన్నాడు. "కానీ ఒక్క మాట. కంతలు పెట్టినా బొగ్గుల కుంపటి లోపలికి వద్దు. చలికని దుకాణంల గిట్లనే పెట్టుకొని మా అబ్బాజాన్ పడిపోయిండు. జర్రంతల దక్కిండు."

"కుంపటి లేకుంటే బాలింతకు వాతం కమ్మదా?"

"నాకు రేకు సంగతి ఎరుక. బాలింతల సంగతి నీకే ఎరుక."

దారి పొడుగునా జంపక్క తనలో తాను పోట్లాడుకుంది. కుంపటి వదిలేస్తే అత్తను అబద్ధం చేసినట్టు. వదలకపోతే భీమక్క కొడుకు నల్లటి పెదాలు. వాగు దాటేసరికి ఒక దారి దొరికింది. నిప్పు వాకిట్లో ఉండాలి, వెచ్చదనం లోపలికి రావాలి. గుడ్డలు కాచి కాపడం పెట్టడానికి చేతులున్నాయి కదా, కాలినవైతేనేం?

మున్వర్ మాట తప్పలేదు. రంపమూ జాలీ స్కూటరు మీద కట్టుకొచ్చి కంతలు కోశాడు. సూపర్‌వైజరును అడిగావా అంటే, విప్పేసే ఇంటికి కంత పడితే అడిగేదెవరన్నాడు. జంపక్క తన మంచం తెచ్చుకుని అందులో కాపురం పెట్టింది. తలుపు మూసుకుని పడుకుని, బతికే ఉన్నానని అందరికీ కనబడేలా వాకిట్లోకొచ్చి పళ్ళు తోముకునేది. డబ్బాలో జంపక్క పచ్చడి ఊరుతోందని గూడెం నవ్వింది. నవ్వారు గాని ఒక్కరూ గడప తొక్కలేదు.

తొక్కింది ప్రమీల. "అత్తా, నేను గీడనే కంట," అన్నది.

ఇన్నాళ్ళూ ఊరితో వాదించిన జంపక్క అప్పుడు వెనకాడింది. ఊరితో కొట్లాడటం వేరు, కడుపులో మనవణ్ణి మోస్తున్న పిల్లను ఆ తలుపు లోపల పడుకోబెట్టడం వేరు. లేచి కంతల దగ్గర చెయ్యి పెట్టి చూసింది. గాలి తగిలింది. మళ్ళీ చూసింది.

"భయమైతలేదా పిల్లా?"

"వాగంటేనే భయం."

ట్రాక్టరు వస్తోందని కబురు అందిన పొద్దునే ప్రమీలకు నొప్పులు మొదలయ్యాయి. అవి జంపక్కే తెప్పించిందని గూడెంలో కొందరు ఇప్పటికీ అంటారు. ఆవిడ అవుననదు, కాదనదు. శ్యామల సిస్టర్ లోపల ఉంది. బయట ట్రాక్టరు ఆగింది. బోల్టులు విప్పే పానాలు పట్టుకుని మనుషులు దిగారు, సీతయ్య వచ్చాడు, గూడెమంతా వచ్చింది. సూపర్‌వైజరు ఆకాశం వంక చూసి, "మబ్బు పట్టింది. జల్దీ కానీయండి," అన్నాడు. అప్పుడే లోపల పసిపిల్ల ఏడుపు వినిపించింది.

జంపక్క తడి చేతులతో గడపలోకి వచ్చి నిలబడింది. సూపర్‌వైజరు వైపు చూడనైనా చూడలేదు.

"బావా, ఇది పురుడొచ్చిన ఇల్లు. విప్పమంటవా?"

సీతయ్య పానా పట్టుకున్నవాణ్ణి చూశాడు, గోడను చూశాడు. ఆ ముసురంతా గొడుగు కింద కూర్చున్న మనిషి ఆ మాట ఎట్లా అంటాడు?

"సారూ, పురిటి స్నానం అయ్యేదాకా ఈ ఇంటి మీద చెయ్యి పడొద్దు. అయినంక రాండ్రి."

"అప్పటికి వాగు పొంగదా?"

"పొంగుతది," అన్నాడు సీతయ్య, తాపీగా.

ట్రాక్టరు ఖాళీగా వెళ్ళిపోయింది. జంపక్క వాకిట్లో చూరు కింద కుంపటి పెట్టి, గుడ్డలు వెచ్చజేసి, కాలిన అరచేతుల మధ్య పట్టుకుని లోపలికి మోసింది. రోజంతా మోసింది. చేతులు భగ్గుమంటుంటే సీతయ్యను, మున్వర్‌ను, వాగును వరసగా తిట్టుకుంటూ మోసింది. బాలింతకు వాతం కమ్మలేదు. బయట ముసురు పట్టినా, కంతలు తెరిచే ఉన్నా ఆ గోడల మధ్య వెచ్చదనం నిలిచింది.

పురిటి స్నానం నాడు కుండపోత వాన. అందరికంటే ముందు సీతయ్యే గొడుగేసుకుని వచ్చాడు. ఆ వెనక కొడుకును చంకనేసుకుని భీమక్క వచ్చి గడప దగ్గర ఆగింది. సీతయ్య లోపలికి వెళ్ళి నిలబడి, పైకి చెయ్యి చాచి కంత దగ్గర గాలి చూశాడు. కప్పు వంక చూశాడు. ఎక్కడా చుక్క పడటం లేదు.

"ఈడ గొడుగు పని లేదు బావా," అన్నది జంపక్క.

సీతయ్య మొదటిసారి ఆ ముచ్చటకు నవ్వాడు. గొడుగు మూసి గోడకు ఆనించాడు. అది చూసి భీమక్క కూడా పిల్లాడితో లోపలికి వచ్చి ప్రమీల పక్కన కూర్చుంది. దూరంగా రాళ్ళవాగు పొంగి హోరెత్తుతోంది. జంపక్క మనవరాలిని ఒళ్ళో వేసుకుని ఆ హోరు వింటూ కూర్చుంది. ఎర్రమ్మ పోయాక చెవులకు కొంగు చుట్టుకోకుండా ఆవిడ ఆ చప్పుడు వినడం అదే మొదలు.