జీపుకి మెడ నొప్పి రాదు

ఎత్తిపోతల జలపాతం కాడ ఒక రాత్రి పడుకొని, పొద్దున్నే ఆ నీళ్ళ చప్పుడుకి లేవాలని మా ఆవిడ సాయమ్మకి ఎప్పటినుంచో కోరిక. ఇన్నాళ్ళూ కుదరకపోవడానికి కారణం ఆమె మోకాళ్ళు. నేల మీద కూర్చుంటే లేవలేదు. కొత్త చోట మరుగుదొడ్డి ఎట్లా ఉంటుందోనని బెంగ. నరసరావుపేటలో బట్టల కొట్టు నడిపే మా మేనకోడలు స్వర్ణ ఈ మధ్య ఒక క్యాంపింగ్ ట్రైలర్ కొన్నది. రెండు చక్రాల మీద బుల్లి గది అనుకోండి. లోపల ఎత్తుగా మంచం, గ్యాసు పొయ్యి, మూలన కుర్చీలాంటి మరుగుదొడ్డి. జీపు వెనక తగిలించుకొని ఎక్కడికైనా లాక్కుపోవచ్చు. వానలు తగ్గాయి కదా, ఒకసారి పోయి రండి అని ఆ పిల్లే అన్నది.

సాయమ్మ ఒప్పుకుంది గాని ఒక షరతు పెట్టింది. నా వయసు చూసి మా చిన్నోడు జీపు తాళం తనకిచ్చెయ్యమని చాన్నాళ్ళుగా పోరు పెడుతున్నాడు. "నన్ను భయపెట్టకుండా తీసుకుపోయి తీసుకురా. తెచ్చావా, తాళం నీకాడే ఉంటది. లేదా, ఇంటికి రాంగానే వాడి చేతిలో పెడతా" అన్నది. నేను నవ్వాను. ఎద్దుల బండి నాడే పగ్గాలు పట్టినవాణ్ణి, ఆ తర్వాత ట్రాక్టరు వెనక పత్తి ట్రక్కు లాగీ లాగీ ముసలివాణ్ణయినవాణ్ణి. ఈ బొమ్మరిల్లు నాకొక లెక్కా?

ముప్పాళ్ళ పక్కన ఉన్న మా ఊరి నుంచి ముందురోజే నరసరావుపేట చేరాం. తెల్లారి ఆరింటికల్లా స్వర్ణ ట్రైలర్ ముందు నిలబడి పాఠం మొదలుపెట్టింది. ట్రైలర్ కొక్కెం జీపు వెనకున్న ఇనప బంతి మీద కూర్చున్నాక పైకి లాగి చూడాలి, ఊడి రాకూడదు. దాని కింద రెండు గొలుసులూ ఒకదాని మీదుగా ఒకటి వెళ్ళేట్టు తగిలించాలి, కొక్కెం తప్పినా ముక్కు నేలకి కొట్టుకోదు. వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో ఒకరు బ్రేకు తొక్కితే ఒకరు చూడాలి. టైర్లలో గాలి సరిచూడాలి. ట్రైలర్‌కి దాని రిజిస్ట్రేషన్ దానిదే, ఆ నంబరు పక్కన ఉంటుంది. లాగే బండి నంబరు ట్రైలర్ వీపు మీద ఉండాలి. నా జీపు నంబరు పలకని ఆ పిల్ల ముందే బిగించి పెట్టింది.

"నడిచేటప్పుడు లోపల మనిషి ఉండకూడదు మామయ్యా. అరవై దాటొద్దు. బరువులన్నీ ఇరుసుకి ముందే సర్దా, కదిలించబాక" అన్నది.

"నాకు చెప్తన్నావా?" అన్నాను.

"నీకే చెప్తన్నా. అత్తకైతే ఒక్కసారి చెప్తే చాలు."

సాయమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నాకు కాలింది.

ఊరు దాటాక ఒక టీ కొట్టు దగ్గర ఆపాను. టీ తాగుతూ చూస్తే ట్రైలర్ ముక్కు బరువుకి జీపు వెనక భాగం కాస్త దిగి ఉంది. నా మనసు ఊరుకోలేదు. బండి కట్టేటప్పుడు మా నాయన నేర్పిన మొదటి సంగతి అదే. బస్తాలు ముందుకు పడితే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది, మెడలు పుండ్లు పడతాయి. కాబట్టి కాస్త వెనక్కి జరిపి మెడ తేలిక చెయ్యాలి. పసిపిల్లకి తెలియదులే అనుకొని నీళ్ళ డబ్బాలు, బియ్యం సంచి, గ్యాసు బండ అన్నీ ఒక్కొక్కటే మోసుకుపోయి వెనక గోడకి ఆనించాను. జీపు వెనక భాగం లేచింది. ఎద్దు నిట్టూర్చినట్టే అనిపించింది నాకు.

"ఏందయ్యా, ఆ పిల్ల కదిలించబాక అన్నదిగా?" అన్నది సాయమ్మ.

"నువ్వు టీ తాగు."

నకరికల్లు దాటి పిడుగురాళ్ళ వైపు పోతున్నాం. రోడ్డు నున్నగా ఉంది. నాకు చదువు యాభై దాటాక వచ్చింది, అందుకని దారిలో కనపడిన ప్రతి బోర్డూ పైకి చదవడం అలవాటు. ఒక సిమెంటు ప్రకటన సగం చదివాను, అంతలో స్టీరింగు చేతిలో తేలికైనట్టు తోచింది. అద్దంలో ట్రైలర్ ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి వచ్చింది. గాలి అనుకున్నాను. చెట్టు ఆకు కదలడం లేదు. టైరు పోయిందనుకున్నాను. అప్పుడే ఒక పెద్ద లారీ రయ్యిన దాటింది. ఇక చూసుకోండి, వెనక గది తోక ఊపడం మొదలుపెట్టింది. ఒక్కో ఊపుకీ జీపు నడుము కూడా తిప్పుతోంది. బెదిరిన గొడ్డుని పట్టినట్టు స్టీరింగు అటూ ఇటూ గుంజాను, బ్రేకు గట్టిగా తొక్కాను. ఆ రెండూ చెయ్యకూడదట. రోడ్డు దిగి మట్టిలో ఆగాం. ట్రైలర్ సగం తారు మీద, సగం మార్జిన్‌లో అడ్డంగా నిలిచింది. వెనక ఇంకో బండి లేదు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను.

సాయమ్మ తలుపు తీసుకొని దిగి, పక్కనున్న వేపచెట్టుని పట్టుకొని నిలబడింది. ముందు ట్రైలర్‌ని రోడ్డు మీద నుంచి తప్పించాను. తర్వాత స్వర్ణకి స్పీకర్లో ఫోన్ చేసి, నీ బండిలో ఏదో లోపం ఉందే అన్నాను.

"నీళ్ళ డబ్బాలు ఎక్కడున్నయ్ మామయ్యా?"

నేను దగ్గాను.

సాయమ్మ చెట్టు దగ్గర నుంచే కేకేసింది. "అన్నీ వెనకనే ఉన్నయ్యే తల్లీ! టీ కొట్టు కాడ మోసుకొని మోసుకొని పెట్టాడు!"

"ఎందుకు మామయ్యా?"

జీపు మెడ మీద బరువు పడుతుందని చెప్పాను. చెబుతుంటే నాకే ఎట్లాగో ఉంది.

"మామయ్యా, అది ఇనుము. దానికి మెడ నొప్పి రాదు. ముక్కు మీద బరువుంటేనే వెనకది బుద్ధిగా వస్తది. బరువు తోకలో ఉంటే తోకే నిన్ను తిప్పుద్ది."

"మరి ఎద్దుల బండి?"

"ఎద్దులు అరవైలో పోతయ్యా?"

మళ్ళీ ఊగితే బ్రేకు తొక్కకుండా, స్టీరింగు తిన్నగా పట్టుకొని, యాక్సిలరేటర్ మీద కాలు తీసెయ్యమని చెప్పి స్వర్ణ ఫోన్ పెట్టేసింది. వెనక్కి మోసినవన్నీ మళ్ళీ ముందుకు మోశాను. బియ్యం సంచి ఈసారి రెండింతలు బరువున్నట్టు అనిపించింది.

సాయమ్మ ఎక్కలేదు. "ముందు నువ్వొక్కడివే పోయి రా, చూస్తా" అన్నది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నన్ను పరీక్షకి పంపింది. పక్కనున్న మట్టి దారిలో కొంత దూరం పోయి, ఒక చేను గట్టు దగ్గర వెనక్కి తిప్పుకొని వచ్చాను. ట్రైలర్‌ని వెనక్కి తిప్పడం తేలిక కాదు. రివర్సులో స్టీరింగు ఎటు తిప్పితే అది రెండో వైపుకి పోతుంది. ఒక్క దెబ్బకి తిప్పాను. అంత చక్కటి పని చూడటానికి అక్కడ ఒక్క గేదె తప్ప ఎవరూ లేరు.

తిరిగి వచ్చాక ఆమె ఎక్కి, ముందున్న కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. "తాళం సంగతి?" అన్నాను.

"ఇంటికి పోయినాక చెప్తా."

గురజాల చేరేసరికి మధ్యాహ్నమైంది. రోడ్డు పక్క హోటల్లో భోజనం చేశాం. గోంగూర బాగుంది, సాంబారు నీళ్ళు. తిన్నాక సాయమ్మకి మోకాళ్ళు లాగడం మొదలైంది. "మంచం ఉండగా కూసోవటమెందుకయ్యా? నేను ఎనక పడుకుంటా, నువ్వు తోలుకో" అన్నది. మా ఊళ్ళో పెళ్ళికి పోయినా, పత్తి తీతకి పోయినా జనమంతా ట్రక్కులోనే కదా. పొద్దున అడిగి ఉంటే నేనే దిండు సర్దేవాణ్ణి. ఈసారి కుదరదన్నాను. ఆమె మూతి ముడిచింది. కాళ్ళ కింద సంచి పెట్టి, రెంటచింతల దాకా రెండు చోట్ల ఆపి ఆమెని కాస్త నడిపించాను.

మాచర్ల దగ్గర పోలీసులు బండ్లు ఆపుతున్నారు. కుర్ర కానిస్టేబుల్ ట్రైలర్ చుట్టూ తిరిగి, "ఏంది తాతా ఇది, ఐస్‌క్రీం బండా?" అన్నాడు.

కాగితాలు ఇచ్చాను. ట్రైలర్ పక్కనున్న నంబరు, వెనకున్న జీపు నంబరు, లైట్లు అన్నీ వేలు పెట్టి చూపించాను. ఆ నంబరు పలక మన ట్రక్కుల్లో ఎన్నింటికి ఉంటుందో నాకు తెలుసు, నోరు మూసుకున్నాను.

"లోపల ఎవురన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరు, తీసి చూడు."

చూశాడు. మంచం నొక్కి చూశాడు. "మా అమ్మకి కూడా మోకాళ్ళ నొప్పులే" అని, ఎక్కడ దొరుకుతుందో అడిగి, స్వర్ణ నంబరు రాసుకున్నాడు. సాయమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో మెప్పు ఉందో, ఎండ ఉందో తేల్చుకోలేకపోయాను.

పొద్దు వాలేవేళకి ఎత్తిపోతల చేరాం. టిక్కెట్టు కొని, గట్టు మీద నుంచి చూశాం. నీళ్ళు నిండుగా ఉన్నాయి. మెట్లు దిగే జోలికి పోలేదు. రాత్రికి రోడ్డు పక్కన ఆపడం, అడవిలో దూరడం రెండూ తప్పే కాబట్టి, దగ్గర్లో తెలిసిన రైతుని ముందే అడిగి ఆయన చేలో పెట్టుకున్నాం. జీపు నుంచి విడదీసే ముందు చక్రాలకి అటూ ఇటూ రాళ్ళు పెట్టాలి, మర్చిపోకండి. నేను మర్చిపోయాను, సాయమ్మ గుర్తు చేసింది. తెల్లవారుజామున గాలి ఇటు తిరిగి నీళ్ళ హోరు వినపడింది. ఆమె లేచి తలుపు తీసుకొని చానాసేపు మంచం మీదే కూర్చుంది. నేను నిద్ర నటించాను.

తిరుగు ప్రయాణంలో సర్దుడంతా ఆమెదే. మంచం మీద కూర్చొని, చేత్తో చూపిస్తూ నా చేత పెట్టించింది. కొక్కెం లాగి చూసింది. ఎనిమిదింటికి బయలుదేరాం. మాచర్ల దాకా కమ్మీ వదల్లేదు. అద్దంలో ఆ గది అచ్చం నా వెనకే, గీత గీసినట్టు వస్తోంది.

పోయేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. ఈ బండి లాగడానికి బలం అక్కర్లేదు, అనుభవం కూడా పెద్దగా అక్కర్లేదు. నాకు అనుభవం ఉండబట్టే రోడ్డు దిగాను. కొత్త సామాను దగ్గరికి కొత్తవాడిలా పోవాలి. నా వయసులో అది బియ్యం సంచి మోయడం కన్నా కష్టం.

రెంటచింతల దాటాక పక్కకి చూస్తే సాయమ్మ కమ్మీ వదిలేసింది. తల కిటికీకి ఆనించి, నోరు కాస్త తెరుచుకొని నిద్రపోతోంది. బండిలో ఆమె నిద్రపోగా నేను ఏనాడూ చూడలేదు. నలభైలో పోతున్నవాణ్ణి ముప్పైకి తగ్గాను, గుంతలు వస్తే ఇరవైకి. వెనక నుంచి హారన్ మోగింది. బోరేలనే పెద్ద పత్తి గోతాలు ఎత్తిన ట్రాక్టరు నన్ను దాటుకొని పోతోంది. బోరేల మీద కూర్చున్నవాడొకడు వంగి, "ఏం తాతా, దిగి తొయ్యమంటావా?" అని అరిచాడు. నా దగ్గర వాడికి తగ్గ జవాబు ఉంది. పైకి అంటే సాయమ్మ లేస్తుందని ఊరుకొని, వాణ్ణి ముందుకు పొమ్మని చెయ్యి ఊపాను.