మగ్గాలు ఆగిన గంట

ఆదివారం పొద్దున ఆన్‌లైన్‌లో సమీక్ష ఉందని మెయిల్ వచ్చినప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు. దూరవిద్యలో డాక్టరేటు అంటే ఇంట్లో కాళ్లు చాపుకుని హాయిగా చదువుకోవడమని అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రోజూ ఎమ్మిగనూరులో బస్సెక్కి ఆదోని పోయి, కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పి, వాడిన తోటకూర కాడలా ఇంటికొచ్చి, కుక్కర్ పెట్టి, అప్పుడు తెరవాలి పుస్తకం. ఒకసారి ఇప్పటికే వెనక్కి పంపారు. ఈసారీ కాదంటే నా రిజిస్ట్రేషన్ రద్దు. నాలుగేళ్ల కష్టం గంగలో కలిసినట్టే.

ఇది ఉద్యోగం చేస్తూ చేసే డాక్టరేటు. కళ్లముందున్న సమస్యనొకదాన్ని పట్టుకుని, దానికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ చేసి చూపించాలి. మా వీధి నిండా మగ్గాలే కాబట్టి నేను వాటినే పట్టుకున్నాను. మగ్గం పక్కన ఫోన్ పెడితే అది చప్పుడు వింటుంది. మగ్గం ఎప్పుడు ఆగింది, ఎంతసేపు ఆగింది, నూలు తెగి ఆగిందా, ఇంకేమైనానా అని చెబుతుంది. నెలల తరబడి ఇంటింటా ఫోన్లు పెట్టి రికార్డు చేశాను.

మొదటి సమీక్షలో ఒక పరీక్షకుడు నా గ్రాఫులో ఖాళీ ఒకటి పట్టుకున్నాడు. ఒక రోజంతా ఏ ఫోనూ ఏమీ వినలేదు. పరికరాలు పనిచేయలేదన్నమాట, ఆ రోజును తీసేయండి అన్నాడు. పరికరాలకేం కాలేదు. ఆ రోజు మా మామ పోయారు. మా వీధిలో ఎవరైనా పోతే శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ మగ్గం ఆడదు. ఆ మాటే చెప్పబోయాను. కానీ అటు నాలుగిళ్లు, ఇటు నాలుగిళ్లు, టకటకమని మగ్గాలు. "మీ మాట వినపడటం లేదు, ఆ చప్పుడేమిటి?" అని మూడుసార్లు అడిగి, వివరణ సరిగా లేదని రాసేశారు. అరిచి అరిచి నా గొంతు పోయింది, అంతే.

ఆ రోజును తీసేస్తే పని సులువే. ఒక్క మీట నొక్కితే చాలు. చెయ్యి రాలేదు.

ఈసారి ఎక్కడ కూర్చోవాలో తెలియక పిచ్చెక్కిపోయింది. ఆదోనిలో కాలేజీకి ఆదివారం తాళం. లాడ్జిలో గది తీసుకుంటానంటే మా ఆయన పగలబడి నవ్వాడు. "నీ చదువు మగ్గాలకన్నా ఎక్కువ చప్పుడు చేస్తాందే!" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అత్త చాటలో బియ్యం ఏరుతూ అంతా వింటోంది.

"యాడికీ పోవద్దు పాపా. ఒక గంట మగ్గాలు నిలపమని నేను అడిగొస్తాలే."

"అందరూ వింటారా అత్తా?"

"ఇనక యాడికి పోతారు?"

చాట పక్కన పెట్టి, కొంగు దోపుకుని బయల్దేరింది. ఇంటింటికీ పోయి చెప్పి వచ్చింది.

ఆదివారం నేను కెమెరా ముందు కూర్చునేసరికి ఒక్కొక్క మగ్గమే ఆగింది. మా ఇంట్లో గోడ గడియారం చప్పుడు నేను వినడం అదే మొదలు. మొదట బాగానే చెప్పాను. ఆ తర్వాత అదే పరీక్షకుడు, అదే గ్రాఫు.

"ఈ ఖాళీ ఇంకా ఉందే? తీసేయమన్నాం కదా."

జవాబు చెప్పబోయాను. సరిగ్గా అప్పుడే వీధి తలుపు దడాలున తెరుచుకుంది. అత్తను అక్కా అని పిలిచే వెనక వీధి పెద్దమ్మ, తల మీద కొంగుతో, గుండెలు బాదుకుంటూ లోపలికొచ్చింది.

"ఓయమ్మా! ఎవురికేమైందే! వీధి వీధంతా మగ్గాలు నిల్చిపోయినాయే! మీ తలుపు గూడా మూసుండాదే! అక్కా, సెప్పకుండా పోతివా అక్కా!"

ఎదురుగా అత్త నిలబడి ఉంది. పెద్దమ్మ నోరు తెరిచి చూసి, "నువ్వు బాగుండావా!" అని అత్తను కరుచుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. ఇదంతా నా వెనక, కెమెరాలో. ముగ్గురు పరీక్షకులూ గుడ్లప్పగించి చూస్తున్నారు. అయిపోయింది, నా చదువు ఈరోజుతో సరి అనుకున్నాను.

"ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడాయన.

"లేదు సార్. మగ్గాలు ఆగాయి కదా, ఎవరో పోయారనుకుంది. మా వీధిలో అన్నీ ఆగేది అప్పుడే. ఆ ఖాళీ కూడా అదే సార్. ఆ రోజు మా మామ పోయారు."

ఒక్క మాట కూడా మళ్లీ చెప్పాల్సిన పని రాలేదు. వాళ్లు మైకులు ఆపుకుని ఏదో మాట్లాడుకున్నారు. నేను వాళ్ల పెదాలనే చూస్తూ ఉండిపోయాను. చివరికి ఆయన మైకు తెరిచి, "ఆ రోజును తీసేయకండి. ఎందుకు ఆగాయో రాయండి. మీరు కొనసాగించవచ్చు" అన్నాడు.

పరుగున బయటికొచ్చాను. పెద్దమ్మ అప్పటికే వెళ్లిపోయింది. అత్త అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"అయిపోయింది అత్తా! ఒప్పుకున్నారు!"

"అట్లనా. మంచిది పాపా." నా వైపు చూడలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ పొద్దు గూడా ఇట్లనే ఉండె. వీధంతా ఇట్లనే."

మామ పోయిన రోజు మాట అంటోంది. ఇన్ని రోజులూ నా మైకు గురించి తప్ప నేను ఇంకో ముక్క ఆలోచించలేదు.

"మరి తెలిసీ మగ్గాలు నిలపమని ఎందుకు అడిగినావత్తా?"

"అడక్కపోతే నీ మాట వాళ్లకు ఎట్ల ఇనపడాల?"

ఆమె పక్కన కూర్చోబోయాను. చేత్తో వద్దని నన్ను ముందుకు తోసింది.

"కూసోవద్దు. పోయి మగ్గాలు ఆడించుకోమని సెప్పు. ముందు పక్కింటోళ్లకు సెప్పు పాపా, బిన్నా పో. నాకు ఆ సప్పుడు తొందరగా ఇనపడాల."